పద్దెనిమిది సెకన్ల రోడ్డు

బస్సు మెట్టు మీద ఒక కాలు, రోడ్డు మీద ఒక కాలు పెట్టి, తలుపు పక్క కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది ఆ ముసలావిడ. ఎక్కదు, దిగదు.

"ఎక్కండి మామ్మగారూ, వెనక బళ్ళన్నీ ఆగిపోయాయి," అన్నాడు డ్రైవరు.

"నాకూ ఎక్కాలనే ఉంది నాయనా. మెట్టేమో నా మోకాలికన్నా ఎత్తున ఉంది. నువ్వు బస్సుని ఫుట్‌పాత్‌కి ఆనించకుండా నడిరోడ్డు మీద ఆపావు. ఆనిస్తే నేనే కాదు, నాకన్నా పెద్దవాళ్ళు కూడా ఎక్కుతారు."

"అయితే దిగండి. ఇంకో బస్సొస్తుంది."

"అదీ ఇక్కడే ఆగుతుంది. దిగను."

లోపలున్నవాళ్ళు గోల పెట్టారు. ఒకడు ఆఫీసుకు ఆలస్యమన్నాడు, ఒకామె పిల్లాడి బడి అంది. ముసలావిడ పైట దగ్గర పిన్నీసుతో తలకిందులుగా వేలాడే చిన్న గడియారాన్ని వేలితో ఎత్తి చూసుకుంది.

"రెండు నిమిషాలైంది. వెనక్కి తీసి ఆనించడానికి అరనిమిషం చాలు. ఏది లాభమో నువ్వే చూసుకో."

డ్రైవరు కాసేపు పళ్ళు నూరుకుని, కండక్టరుని కిందికి దింపాడు. కండక్టరు ఆవిణ్ణి పక్కకి నిలబెట్టి, విజిలు ఊదుతూ బస్సుని వెనక్కి, మళ్ళీ ముందుకి రప్పించి ఫుట్‌పాత్‌కి ఆనించాడు. ఆవిడ గడప దాటినంత తేలిగ్గా ఎక్కింది. ఎక్కి, "చెయ్యి మంచిది నాయనా నీది," అని డ్రైవరుని మెచ్చుకుంది కూడా.

రోడ్డుకి ఇవతల, బ్యాంకు గోడని ఆనుకున్న రేకుల బడ్డీలోంచి జిప్పుల పెద్దమ్మ ఇదంతా చూసింది. గెలిస్తే ఇలా గెలవాలి అనుకుని ముచ్చటపడింది. ఆ ముచ్చట అరగంట కూడా నిలవలేదు. అవతలి వైపు నుంచి తిరిగొచ్చే బస్సులోంచి ఆ ముసలావిడే దిగింది. చేతిలో సంచి లేదు, సరుకు లేదు, ఎవరినీ కలిసొచ్చిన వాలకం లేదు. ఎక్కిన కూడలిలోనే దిగి, నింపాదిగా నడిచి వెళ్ళిపోయింది.

ఎక్కడికీ పోని మనిషికి బస్సెందుకు? పెద్దమ్మకి అప్పుడే అనుమానం తగులుకుంది. ఆమెకి అనుమానం తగులుకుంటే బట్టకి అంటుకున్న పల్లేరుకాయే, దులిపితే పోయేది కాదు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ బడ్డీలో జిప్పులు బాగుచేస్తోంది జిప్పుల పెద్దమ్మ. సంచులు, పర్సులు, చలికోట్లు, పెట్టెలు, వానాకాలం వస్తే గొడుగులు. చదివింది మూడో తరగతి. అంకెలు చకచకా చదువుతుంది, అక్షరాలు మాత్రం కూడబలుక్కోవాలి. చేతిలో పట్టకారు, పక్కన కొవ్వొత్తి ముక్క. బిగుసుకున్న జిప్పుకి ఆ మైనం రుద్ది ఒక్క లాగు లాగిందంటే నీళ్ళలో చేపలా జారాల్సిందే. ఆమె బాగుచేసిన జిప్పు మళ్ళీ చెడిందని చెప్పిన మనిషి ఇంతవరకు లేడు. చెప్పే ధైర్యం లేదని పక్క బడ్డీలో తాళంచెవులు కోసే తాళాల తాత అంటాడు.

ఆమె ఇల్లు రోడ్డుకి అవతలే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు, సాయంత్రం ఒకసారి రోడ్డు దాటాలి. సిగ్నలు స్తంభం మీద పచ్చ మనిషి బొమ్మ పద్దెనిమిది సెకన్లు వెలుగుతుంది. ఒకప్పుడు ఆమెకి అది చాలి మిగిలేది. ఇప్పుడు ముప్పావు దూరం వచ్చేసరికి బొమ్మ ఎర్రబడుతుంది, బళ్ళు గుర్రుమంటాయి. గడిచిన వానల్లో రోడ్డు మధ్యలో పడింది కూడా. ఇంట్లో మాత్రం బాత్‌రూమ్ తలుపు మోకాలికి కొట్టుకుందని చెప్పింది. కొడుకు సగమే నమ్మాడు. "అమ్మా, ఇంకోసారి ఇలాంటిది విన్నానంటే బడ్డీ ఎవరికైనా ఇచ్చేస్తా. ఇంట్లో కూర్చుందువుగాని," అన్నాడు. కోడలు మంచిదే, ఆ మంచితనంతోనే "అవునత్తయ్యా, ఇంకా ఎందుకు మీకీ తిప్పలు," అంది.

ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో పెద్దమ్మకి తెలుసు. టీవీ ఎదురుగా కుర్చీ, నిద్రపోతున్నారా అత్తయ్యా అన్న పలకరింపు. అందుకే కర్ర కొనలేదు. ఎండైనా వానైనా చేతిలో ముడిచిన గొడుగు ఉంచుకుంది. దానిమీద ఆనుకుని నడిచేది. కర్ర పట్టుకుంటే ముసలిదంటారు, గొడుగు పట్టుకుంటే జాగ్రత్తగల మనిషంటారు.

బస్సు గొడవైన మూడోరోజు ఆ ముసలావిడ నేరుగా బడ్డీకే వచ్చింది.

"అక్కా, ఈ బ్యాగు జిప్పు ఊడింది. కాస్త చూస్తారా?"

అక్కా అన్న పిలుపుకే పెద్దమ్మకి ఒళ్ళు మండింది. ఏ వైపునుంచి చూసినా తనకన్నా నాలుగేళ్ళు పెద్దదే. బ్యాగు తీసుకుని వెలుతురులోకి పట్టింది. జిప్పు దానంతట అది చెడితే రన్నరు వదులవుతుంది, తోవలో పళ్ళు అరిగి బోసిపోతాయి. ఇక్కడ రన్నరు బిగువుగా ఉంది, పళ్ళు చంటిపిల్లాడి కొత్త పళ్ళలా వరసగా ఉన్నాయి. అడుగున ఆపు కుట్టు మాత్రం ఎవరో పనిగట్టుకుని విప్పి, రన్నరుని బయటికి లాగేశారు. విప్పిన దారం పోగు ఇంకా వేలాడుతోంది.

పెద్దమ్మ ఆ సంగతి నోట్లోనే మింగింది.

"పావుగంట పడుతుంది. కూర్చోండి," అంది. పని రెండు నిమిషాలది. ఆ పావుగంటలో ఈవిడ ఏం చేస్తుందో చూడాలని.

ఆవిడ స్టూలు రోడ్డు వైపు తిప్పుకుని కూర్చుంది. పచ్చ బొమ్మ వెలిగినప్పుడల్లా తలకిందుల గడియారం ఎత్తి చూసేది. పెదాలు కదిలేవి. ఓ ముసలాయన అవతలి గట్టు చేరగానే చిన్న నోటుబుక్కులో ఏదో గీకేది. ఏమీ ఎరగనట్టు మధ్యలో ఒక ప్రశ్న విసిరింది.

"ఈ రోడ్డు మీద మీరెప్పుడైనా పడ్డారా అక్కా?"

"నేనెందుకు పడతాను? నడక నేర్చుకుంటున్నానా ఏమన్నా?"

ఆవిడ నవ్వలేదు. గొడుగు వైపు ఒకసారి చూసి మళ్ళీ గడియారం ఎత్తింది.

ఆ తర్వాత రెండు వారాల్లో నాలుగుసార్లు వచ్చింది. రెండుసార్లు పర్సు, ఒకసారి దిండుగలీబు, ఒకసారి ఎవరిదో పిల్లల స్కూలు సంచి. అన్నీ విప్పిన జిప్పులే, చెడిన జిప్పు ఒక్కటీ లేదు. పెద్దమ్మ బాగుచేస్తూనే ఉంది, కంట్లో నలుసులా అనుమానాన్ని ఉంచుకునే ఉంది. చివరికి తాళాల తాతని పిలిచి అడిగింది.

"ఆవిడా? నర్సు," అన్నాడు తాత. అతనికి ఒక చెవే పనిచేస్తుంది, కబుర్లకి మాత్రం రెండూ పనిచేస్తాయి. "ఎముకల వార్డులో ముప్పై నాలుగేళ్ళు చేసిందట. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. రిటైరయ్యాక కూడా కాళ్ళు ఒకచోట నిలవవు. ఇప్పుడేదో వృద్ధాశ్రమం వాళ్ళకి మనుషుల్ని చూసిపెడుతోందని నా అనుమానం."

"ఎవరన్నారు?"

"ఎవరో అనాలా? గడియారం పట్టుకుని ముసలాళ్ళ కాళ్ళు చూసే మనిషికి ఇంకేం పని? ఎవరు నడవలేకపోతున్నారో రాసుకుంటుంది. నేరుగా పిల్లల దగ్గరికెళ్ళి, మీ అమ్మని ఇక రోడ్డు మీదికి పంపకండి, మా దగ్గర మంచాలున్నాయి అంటుంది. పిల్లలకి అంతకన్నా ఏం కావాలి?"

పెద్దమ్మకి కొడుకు మాటలు గుర్తొచ్చాయి. పైకి మాత్రం, "నీకు మతి ఉందా," అని కసిరింది.

ఐదోసారి ఇచ్చిన పర్సు కోసం నర్సమ్మ రెండు రోజులైనా రాలేదు. పెద్దమ్మే చిరునామా కనుక్కుని బయల్దేరింది, పోనీలే పాపమని కాదు, ఆరా తీద్దామని. కింది అంతస్తులో రెండు గదులు. వాకిట్లో రెండే మెట్లు, వాటి అంచులకి తెల్లరంగు గీతలు. గోడ పొడుగునా నడుము ఎత్తులో ఇనుప గొట్టం బిగించి ఉంది. మంచం కోళ్ళు కోయించి ఎత్తు తగ్గించారు. నేలమీద చాప లేదు, కాలికి తగిలే వస్తువొక్కటీ లేదు. ఇది ఇల్లా, ఆస్పత్రా? ఒంటరి మనిషికి ఇంత ఏర్పాటెందుకు? తాత చెప్పింది నిజమే అనిపించింది, ఇక్కడ ముందుగా మనుషుల్ని పెట్టి చూస్తారేమో.

"జలుబు చేసి రాలేకపోయాను. కూర్చోండి అక్కా, టీ పెడతా," అని నర్సమ్మ వంటింట్లోకి వెళ్ళింది.

బల్లమీద నోటుబుక్కు ఉంది. పెద్దమ్మ తెరిచింది. సిగ్గుపడాల్సిన పనే, ఆ సిగ్గు తర్వాత పడొచ్చనుకుంది. పేజీ పేజీకి ఒక మనిషి. పోస్టుమాస్టరుగారు. దర్జీ. మందుల సంచి ఆవిడ. పక్కన అంకెలు, తేదీలు. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది. అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంది.

జి-ప్పు-ల అ-క్క. ఇరవై ఆరు. ఇరవై ఏడు. ఇరవై ఆరు. ఇరవై తొమ్మిది. పైన, అన్నిటికన్నా పాత తేదీ పక్కన: వాన. ముప్పై నాలుగు. మధ్యలో పడ్డారు. గొడుగు.

అది గడిచిన వానల తేదీ. అంటే బస్సు గొడవకన్నా ముందునుంచే ఈవిడ కన్ను తనమీద ఉంది. తను పడ్డం చూసింది, రాసుకుంది, ఏమీ తెలియనట్టు వచ్చి పడ్డారా అక్కా అని అడిగింది.

"పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను," అని వంటింటి వైపు ఒక కేక వేసి పెద్దమ్మ బయటపడింది. ఇంట్లో పొయ్యి ముట్టుకుని ఆమెకి ఆరేళ్ళయింది.

తర్వాతి వారం కార్పొరేషన్ జీపు వచ్చి కూడలిలో ఆగింది. ఒక ఇంజనీరు, అతని వెంట టేపు పట్టుకున్న మనిషి దిగారు. నర్సమ్మ వాళ్ళతో ఏదో మాట్లాడి అవతలి గట్టుకి పోయి నిలబడింది. ఇంజనీరు చేతిలో సెకన్లు లెక్కపెట్టే, నొక్కి ఆపే గడియారం.

"వచ్చేశారు," అన్నాడు తాళాల తాత. "లెక్క తీసుకుపోవడానికి."

ఆ మాట ఫుట్‌పాత్ పొడుగునా పాకడానికి పది నిమిషాలు పట్టలేదు. అందులో తాత పాలు సగం, పెద్దమ్మ పాలు సగం. బ్యాంకుకి వచ్చినవాళ్ళని, మందుల కోసం వచ్చినవాళ్ళని ఆపి మరీ చెప్పింది. "కర్రలు బయటికి తీయకండి. నడుం నిలబెట్టి నడవండి. ఆయాసం వస్తే అవతలికెళ్ళాక తీర్చుకోండి, దారిలో వద్దు."

ఆ పూట ఆ రోడ్డు మీద ఒక్క ముసలివాడూ కనిపించలేదు. పోస్టుమాస్టరు పెళ్ళికొడుకులా ఛాతీ విరుచుకుని దాటాడు. వంగిన వెన్నుతో పుట్టాడేమో అనిపించే దర్జీ నిటారుగా లేచి నిలబడితే అతని భార్యే గుర్తుపట్టక రెండోసారి చూసింది. మందుల సంచి ఆవిడ ఇంటికెళ్ళి తలుపేసుకుంది. పెద్దమ్మ గొడుగు చంకలో పెట్టుకుని, పళ్ళ బిగువున మోకాలి నొప్పిని అణుచుకుంటూ, ఇంజనీరు కళ్ళముందు నుంచి దూసుకుపోయింది.

"పదిహేను," అన్నాడు ఇంజనీరు గడియారం చూసి.

పదిహేను. పెద్దమ్మ వెనక్కి తిరిగి నర్సమ్మ మొహంలోకి సూటిగా చూసింది, ఇప్పుడు రాసుకో అన్నట్టు. నర్సమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుని ఉంది. దొరికిపోయిన మనిషి మొహం కాదది. చేతిలో గిన్నె జారి పగిలిన మనిషి మొహం. అది పెద్దమ్మకి నచ్చలేదు, ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

నాలుగు రోజులు ఆమె బడ్డీ తెరవలేదు. మోకాలు చిన్న కుండంత వాచింది. ఒంట్లో నలతగా ఉందని దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుని కూర్చుంది. కొడుకు గుమ్మంలో నిలబడి ఆ దుప్పటి వైపే చూసి వెళ్ళేవాడు. ఐదోరోజు ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి బయల్దేరింది. సిగ్నలు దగ్గర రెండు పచ్చ బొమ్మల్ని వదిలేసి మూడోదానికి అడుగేసింది. బొమ్మ ఎర్రబడ్డాక ఒక బండివాడు ఆమె పైటకి జానెడు దూరంలో బ్రేకు వేశాడు.

బడ్డీ చేరుకుని ఊపిరి తీసుకున్నాక స్తంభానికి అంటించిన కాగితం కనిపించింది. వేలు పెట్టి చదివింది. సగం మాటలు అర్థం కాలేదు, అంకెలు అర్థమయ్యాయి. పాదచారులకు ప్రస్తుతం ఇస్తున్న సమయం అవసరానికి మించి ఉన్నట్టు పరిశీలనలో తేలినందున, ఒకటో తేదీ నుంచి పద్దెనిమిది సెకన్లు పదిహేను అవుతాయి. అభ్యంతరాలుంటే తెలియజేయవచ్చు.

"తాతా, ఇదేమిటి?"

తాళాల తాత అప్పటికే చదివినట్టున్నాడు. తాళంచెవి ఒకటి ఆకురాయితో మళ్ళీ మళ్ళీ రుద్దుతూ తల ఎత్తలేదు. "ఆశ్రమం కాదటలే," అని గొణిగాడు. "లైటు గురించట."

మధ్యాహ్నం నర్సమ్మ వచ్చింది. ఈసారి చేతిలో బ్యాగు లేదు. స్టూలు మీద కూర్చుని పెద్దమ్మ మోకాలి వైపు చూసింది.

"ఎన్నాళ్ళుంది వాపు?"

"వాపు లేదు, నీ మొహం లేదు. ముందు ఇది చెప్పు. ఆ రోజు ఎక్కడికీ పోకుండా బస్సెందుకు ఎక్కావు?"

పిలుపు 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగినా నర్సమ్మ పట్టించుకోలేదు. "ఆ డ్రైవరు ఇప్పుడు ఆనించి ఆపుతున్నాడా లేదా?"

పెద్దమ్మ ఆలోచించింది. ఆపుతున్నాడు. నాలుగు వారాలుగా చూస్తోంది, పట్టించుకోలేదు.

"జిప్పులు?"

"నేనే విప్పాను. కూర్చుని రోడ్డు చూడ్డానికి ఈ కూడలి మొత్తంలో మీ స్టూలొక్కటే ఉంది. ఒక బెంచీ వెయ్యమని ఆరు నెలలుగా తిరుగుతున్నాను."

"నాకు మొదటిరోజే తెలుసు. నా దగ్గరా జిప్పు వేషాలు? ఆ ముక్క నోరు తెరిచి చెబితే నీ సొమ్మేం పోయేది?"

"చెబితే మీరందరూ సర్దుకుని నడుస్తారని భయపడ్డాను. చెప్పకపోతే ఇంకా బాగా సర్దుకున్నారు." నర్సమ్మ పైట దగ్గరి గడియారాన్ని ఊరికే తిప్పింది. "ముప్పై నాలుగేళ్ళు వార్డులో ఒకటే ప్రశ్న అడిగాను. ఎక్కడ పడ్డారండీ అని. వచ్చినరోజు అందరూ బాత్‌రూమ్ అనేవాళ్ళు. మూడోరోజు కొడుకూ కోడలూ పక్కన లేనప్పుడు నిజం చెప్పేవాళ్ళు. ఈ కూడలి పేరు ఇరవై మూడుసార్లు విన్నాను. వాళ్ళలో తొమ్మిదిమంది మళ్ళీ తమ కాళ్ళమీద ఇంటికెళ్ళలేదు. మీరు పడ్డరోజు నేను అవతల బస్సు కోసం నిలబడి ఉన్నాను. నేను వచ్చేలోపే లేచారు. లేచి, దెబ్బ చూసుకోలేదు. ఎవరైనా చూశారా అని చుట్టూ చూసుకున్నారు."

పెద్దమ్మ పట్టకారు తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. ఈ మాటల్లో ఎక్కడైనా విప్పిన కుట్టు ఉందేమోనని మనసులో తడిమి చూసింది. దొరకలేదు. అయినా వదల్లేదు.

"నీ బుక్కు చూపించు వాళ్ళకి. అందులో అన్నీ ఉన్నాయిగా."

"చూపించాను. ఇది మీరు రాసుకున్నది, మేము కళ్ళారా చూసింది వేరు అన్నాడు ఇంజనీరు. అతని తప్పు లేదు. అతను చూసింది పదిహేనే." నర్సమ్మ కాస్త ముందుకి వంగింది. "అభ్యంతరం పెట్టాను. సోమవారం పొద్దున పదింటికి ఇంకొక్కసారి వచ్చి చూస్తానన్నాడు. ఈసారి దాచలేదు. పోస్టుమాస్టరుగారికి, దర్జీకి, మందుల సంచి ఆవిడకి అందరికీ చెప్పాను. మీ జిప్పుల పెద్దమ్మ ఎలా నడిస్తే మేమూ అలాగే నడుస్తాం అన్నారు."

"మావాడికి సోమవారం సెలవు. ఇంటి ముందే ఉంటాడు. నా నడక చూశాడంటే మంగళవారం ఈ బడ్డీ ఉండదు."

"చూస్తాడు. కాదనను."

"మరి?"

"లైటు పదిహేనుకి దిగితే మీ అబ్బాయి ఆపక్కర్లేదు అక్కా. ఈ రోడ్డే ఆపుతుంది. ఇవాళ మూడో పచ్చకి గాని అడుగెయ్యలేదు మీరు. అవతలి నుంచి చూశాను."

బళ్ళు ఆగాయి, కదిలాయి. పెద్దమ్మ కొవ్వొత్తి ముక్క తీసుకుని అప్పటికే మైనం పట్టిన జిప్పుకి మళ్ళీ రుద్దింది.

"ఏం చెయ్యమంటావో సూటిగా చెప్పు," అంది.

నర్సమ్మ బడ్డీ మూలకి ఆనించిన గొడుగు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

"దీన్ని చంకలో పెట్టకండి. దీనిమీదే ఆనుకుని, రోజూ నడిచినట్టే నడవండి. ట్రాఫిక్ పోలీసు బళ్ళని ఆపుతానన్నాడు, అతనితో మాట్లాడాను. మధ్యలో ఎర్రబొమ్మ పడుతుంది. పడగానే పరుగెత్తకండి. ఇంజనీరు చూడనీ, మీ అబ్బాయి చూడనీ, మీరు మాత్రం తొందరపడకండి. నేను పక్కనే నడుస్తా, చెయ్యి పట్టుకోను. ఆ రోజు బస్సు దగ్గర నేను నిలబడ్డానే, అలా, బొమ్మ ఎర్రగా ఉండగానే, మీ అడుగు మీరు వేసుకుంటూ అవతలికి రండి."